గొర్రెలకు పర్మిట్ తెచ్చిన అన్న

మా అన్న పోయాడని వదినమ్మ ఫోన్ చేసినప్పుడు నేను సౌదీలోని జుబైల్‌లో కూరగాయల అంగడిలో ఉన్నాను. "మరిదీ, మీ అన్న మిద్దె మీద ఆరేసిన గుడ్డలు తెస్తానని పోయి పడిపోయినాడు. ఆస్పత్రికి తెచ్చినాం. లేడంటాండారు" అంది. ఏరుకున్న బెండకాయల సంచి అక్కడే బల్ల మీద పెట్టేసి బయటికి వచ్చాను.

ఆయన నాకు తోడబుట్టిన అన్న కాదు. వాళ్లది నంద్యాల వైపు ఒక పల్లె. ఇంట్లో తెలుగే మాట్లాడుకునే ముసల్మానుల కుటుంబం. నాది ప్రొద్దుటూరు. ఇక్కడి ఒక పెట్రోకెమికల్ ప్లాంటులో ఆయన మా షిఫ్టు సూపర్‌వైజరు, నేను ఆయన కింద ఆపరేటరుని. ఒకే బిల్డింగులో ఆయన పై అంతస్తు, మేము కింది అంతస్తు. చేరిన మొదటి వారంలో నేను "సార్" అని పిలిస్తే, "సారెవరబ్బీ, మన సీమోనివి, అన్నా అను" అన్నాడు. అప్పటినుంచీ అన్నే.

గుండెకు పోయే రక్తనాళం మూసుకుపోయిందని డాక్టరు చెప్పాడు. సాయంత్రానికి బిల్డింగు మెట్ల దగ్గర చేరిన మనుషుల్లో రెండు మాటలు విన్నాను. "గుడ్డలారేసే మిషను కొనుక్కోనుంటే ఈ ఎండలో మిద్దె ఎక్కే పని ఉండేదా" అన్నాడొకాయన. "మాంసం మానేసి మాత్రం ఏం లాభం, గుండె ఆగనే ఆగింది గదా" అన్నాడు ఇంకొకాయన. ఇద్దరూ అన్నంటే ప్రాణం పెట్టే మనుషులే, దుఃఖంలో అన్నారు. కానీ ఆ మాటలు నాకు తగులుకుని ఉండిపోయాయి. ఆయుష్షు పెరుగుతుందని ఆయన మాంసం మానలేదు. బిల్లు తగ్గుతుందని మిషను కొనకుండా ఉండలేదు. మరెందుకో నాకు తెలిసినంతవరకు చెప్పాలని ఇది రాస్తున్నాను.

మాంసం మానేసిన రోజు నేను ఆయన పక్కనే ఉన్నాను. కడప వైపు స్నేహితుడొకడు రియాద్ అవతల ఎడారిలో ఒక పెద్ద పశువుల ఫారంలో ఎలక్ట్రీషియన్‌గా ఉండేవాడు. సెలవు దొరికితే రండి, చూపిస్తాను అంటే ఇద్దరం కారులో పోయాం. ఎండాకాలం. కనుచూపు మేర ఇసుక, దాని నడుమ పొడుగాటి షెడ్లు. లోపల వరసగా ఆవులు, ఇంకో పక్క గొర్రెలు. వాటిపైన మనిషి ఎత్తు ఫ్యాన్లు తిరుగుతున్నాయి, గొట్టాల్లోంచి నీటి తుంపర పొగలా రాలుతోంది. గడ్డి మోపులు వేరే దేశం నుంచి ఓడలో వచ్చినవట. నీళ్లు భూమి అడుగు నుంచి మోటార్లు తోడినవి. మా స్నేహితుడు గర్వంగా, "ఈడ కరెంటు కాసేపు పోయినా పశువులు బతకవన్నా. అందుకే ఇన్ని జనరేటర్లు" అని వాటిని కూడా చూపించాడు.

అన్న ఒక గొర్రె దగ్గర నిలబడి దాని చెవి వెనక గోకాడు. చిన్నప్పుడు ఊళ్లో గొర్రెల వెంట తిరిగినవాడు. తిరుగుదారిలో హోటల్లో ఆగితే ఎప్పటిలాగే పెద్ద పళ్లెంలో అన్నం, మీద మాంసం తెచ్చి పెట్టారు. ఆయన అన్నం మాత్రం ఒక పక్క నుంచి తిన్నాడు.

"ఏమన్నా, జాలేసిందా?" అని అడిగాను.

"జాలి కాదబ్బీ. గొర్రె పుట్టేది కోసుకోవడానికే, నాకు తెల్దా? మా తమ్ముని గొర్రెలు ఎండలో మేసొచ్చి చెట్టు కింద పడుకుంటాయి. వాటికి మీటరు లేదు. ఈడ గడ్డికి కరెంటు, నీళ్లకు కరెంటు, గాలికి కరెంటు. ప్లాంటులో నేను రోజూ కూర్చోని తయారుచేసే మంటంతా ఈ ముక్కలోనే కనబడతాంది. నోట్లోకి పోలేదు, అంతే."

"అయితే ఊరికి పోయినప్పుడు తింటావా?"

"ఆడ తింటా, ఈడ తిననంటే నాలుక మాట వింటుందా? ఒకే మాట చెప్పాల దానికి."

ఒకే మాట చెప్పాడు. ఆ తర్వాత ఆయన మాంసం తినడం నేను చూడలేదు.

అయితే వాళ్లింట్లో మాంసం మానలేదు. వదినమ్మకు శుక్రవారం మటన్ లేకపోతే అది శుక్రవారం కాదు. ఆ కూర అన్నే వండేవాడు. షిఫ్టు లేని శుక్రవారాల్లో నమాజు నుంచి వచ్చి, లుంగీ కట్టుకుని, ఉల్లిగడ్డలు సన్నగా తరిగి, సన్న సెగ మీద ఓపికగా వేయించేవాడు. ఆయన చేతి కూర మా బిల్డింగులో పేరున్న కూర. మానేశాక రుచి చూసే దారి లేక కిటికీలోంచి కిందికి కేకేసేవాడు. "అబ్బీ, ఒకసారి పైకి రా, ఉప్పు చూడు." నేను పోయి గరిటె అంచు నాకి, సరిపోయిందనో ఇంకొంచెం పడాలనో చెప్పేవాణ్ని. ఆయన తన పళ్లెంలోకి పప్పు, గోంగూర వేసుకుని వదినమ్మ ఎదురుగా కూర్చుని తినేవాడు.

"నువ్వు తినకుండా నాకు వండిపెడితే నాకు పాపం తగలదా?" అని వదినమ్మ మొదట్లో గొడవపడిందట. "నా నోరు నాది, నీ నోరు నీది. పొయ్యి ఇద్దరిదీ" అన్నాడట ఈయన.

ఏసీ విషయంలో మాత్రం ఇంత తేలిగ్గా సర్దుబాటు కాలేదు. ఆయన ఇంటికి ఆగస్టులో పోయిన చుట్టాలు విసనకర్రలు వెతుక్కునేవాళ్లు. హాల్లో ఏసీ చల్లదనం బాగా తగ్గించి పెట్టి, పైన ఫ్యాన్ వేసి, "సరిపోతుంది లే" అనేవాడు. ఆయనకు సరిపోయేది, మాకు చెమటలు కారేవి. ఒక ఎండాకాలం వదినమ్మ మా ముందే అనేసింది. "నీ లోకం నువ్వు కాపాడుకో. నా నిద్ర మాత్రం చెడగొట్టొద్దు." అన్న ముఖం చిన్నబోయింది. మరుసటి రోజు పడకగది ఏసీ రిమోట్ ఆమె చేతికిచ్చి, తాను హాల్లో చాప వేసుకుని ఫ్యాన్ కింద పడుకోవడం మొదలుపెట్టాడు. అది అలకేమో అనుకున్నాం. కాదు. పొద్దున లేచి ఇద్దరూ కలిసే టీ తాగేవాళ్లు. మొండితనం ఉండేది, దాచను. ఆ మొండితనం బరువు ఎదుటివాళ్ల మీద పడినప్పుడు తెలుసుకుని పక్కకు జరిగే గుణం కూడా ఉండేది.

ప్లాంటులో ఇది అందరికీ నవ్వులాట. నూనె దేశంలో, గ్యాసు ప్లాంటులో పనిచేసేవాడు లైట్లు ఆపుకుంటూ తిరగడమేమిటని. మా ప్లాంటులో ఎత్తైన గొట్టం కొసన ఒక మంట ఉంటుంది, ఫ్లేరు అంటారు. ప్లాంటు ఉన్నట్టుండి ఆగిపోతే లోపలి గ్యాసునంతా ఆ మంటలో కాల్చేస్తారు. లేకపోతే ప్రమాదం. అలా ఒకసారి ప్లాంటు ఆగి మంట ఆకాశమంత లేచిన రోజున, కంపెనీ బస్సులో ఇంటికి వస్తూ నేనే అడిగాను.

"అన్నా, నువ్వు జన్మంతా ఏసీ ఆపి మిగిల్చింది ఇయ్యాల ఒక్క గంటలో కాలిపోయింటుంది గదా?"

"పోయింటుంది."

"మరి దేనికి ఈ తిప్పలు?"

"ఊర్లో దొంగలు పడినారని మనింటి తలుపు కూడా తీసిపెడతామా?" అన్నాడు. మళ్లీ తనే, "నేను ఆపితే లోకమేం ఆగదబ్బీ. నాకు నిద్ర పడుతుంది, అంతే" అన్నాడు.

ముందు సీట్లో, దగ్గర్లోని ఖతీఫ్ ఊరి నుంచి వచ్చే మా సౌదీ సహోద్యోగి కూర్చుని ఉన్నాడు. అన్నకు బాగా దగ్గరివాడు, ఆయన్ని 'సదీక్', అంటే స్నేహితుడా, అని పిలిచేవాడు. వాళ్లిద్దరూ అరబ్బీ, ఇంగ్లీషు, ఉర్దూ కలగలిపి మాట్లాడుకునేవాళ్లు. మా మాటలకు అర్థమేమిటని అతను అడిగితే అన్న చెప్పాడు. అతను నవ్వలేదు. "సదీక్, నీకు ఇది పొదుపు. మాకు ఇది అన్నం. మా తాత చేపలు పట్టాడు, మా నాన్న ఖర్జూరం తోట చేశాడు. నేను ఈ ప్లాంటు మీద ఇల్లు కట్టాను. అందరూ నీలా నూనె వద్దంటే నా పిల్లలు ఏం తినాలి?" అన్నాడు.

"నూనె వద్దని నేనన్నానా? నా జీతమూ దాంట్లోదే. కాల్చి పారబోసేది వద్దంటాండా" అన్నాడు అన్న.

ఆ తర్వాత కూడా వాళ్లిద్దరూ ఈ మాట మీద ఏళ్ల తరబడి వాదించుకుంటూనే ఉన్నారు. కానీ ప్లాంటు మళ్లీ మొదలుపెట్టేటప్పుడు మంటలోకి పోయే గ్యాసు ఎలా తగ్గించాలో ఇద్దరూ కలిసే కూర్చుని ఆలోచించారు. మేనేజర్లు కొంత విన్నారు, కొంత వినలేదు. విన్నంతమేరకు మంట చిన్నదైంది.

ఇంకో సంగతి చెప్పాలి. ఒక ఉగాదికి మా తెలుగువాళ్లం ఊరి బయట ఒక తోట బంగళా అద్దెకు తీసుకుని కలుసుకున్నాం. ముందు హాల్లో పులిహోర, బొబ్బట్లు. మాంసం వంటలు మాత్రం వెనక గోడ అవతల టెంటు కింద. భోజనాల ముందు సంఘం పెద్ద మైకు పట్టుకుని అందరినీ మెచ్చుకుంటూ అన్న దాకా వచ్చాడు. "మనందరికీ ఈయన ఆదర్శం. వాళ్లల్లో పుట్టి కూడా మాంసం ముట్టని మహానుభావుడు" అన్నాడు. చాలామంది చప్పట్లు కొట్టారు. వదినమ్మ తల దించుకుంది.

అన్న లేచి మైకు దగ్గరికి పోయాడు. గొంతు పెంచలేదు.

"నేను ఆకుకూర తింటే ఆదర్శం, నా తమ్ముడు గొర్రె కోస్తే తప్పా? నన్ను పొగిడి మావాళ్లను తిట్టొద్దండి. నేను మానింది నా లెక్క కోసం. దాన్ని ఇంకొకరి మీద రాయి చేసి ఇసరొద్దు" అన్నాడు.

మైకు ఇచ్చేసి, పులిహోర, పప్పు పళ్లెంలో పెట్టించుకుని, గోడ అవతలికి నడిచి టెంటు కింద బిర్యానీ తినేవాళ్ల మధ్య కూర్చుని తిన్నాడు. ఆ సంవత్సరం నుంచి ప్రతి ఉగాదికీ ఆయన భోజనం అక్కడే. సంఘం పెద్ద తర్వాత ఇంటికి వచ్చి క్షమించమన్నాడు. "మీరు మంచికే అన్నారు లెండి, టీ తాగండి" అన్నాడు అన్న.

అటువైపు నుంచీ అడిగినవాళ్లు ఉన్నారు. మతం మారావా అని ఒకాయన మసీదు మెట్ల మీద నిలదీశాడట. "దేవుడు మాంసం హలాల్ చేసినాడు, కంపల్సరీ చేయలేదు గదా" అని చెప్పి వచ్చేశాడు. బక్రీదుకు తన పేరున ఖుర్బానీ ప్రతి ఏడూ ఊళ్లో జరిపించేవాడు. గొర్రె తమ్ముడి మందలోది.

ఆ తమ్ముడి గురించే ఇప్పుడు చెప్పాలి.

వాళ్ల ఊరి పక్కన బీడు భూముల్లో సోలార్ పలకలు వేస్తున్నారని తెలిసినప్పుడు అన్న సంతోషం చూడాలి. ఫోన్లో ఫొటోలు కంట్రోల్ రూమంతా తిప్పాడు. "మీకు భూమి కింద ఉంది, మాకు నెత్తి మీద ఉంది" అని ఖతీఫ్ స్నేహితుణ్ని ఆటపట్టించాడు. పొగ లేని కరెంటు తన ఊళ్లో పుడుతోందని ఆయనకు పండగ.

కొన్నాళ్లకు, మేము మధ్యాహ్నం అన్నం తింటుండగా తమ్ముడు ఫోన్ చేశాడు. అన్న చేతికి ఎంగిలి ఉండి స్పీకరు పెట్టాడు.

"బీళ్లన్నిటికీ కంచె ఏసినారన్నా. గొర్రెల్ని యాడికి తోలాల? రోడ్డెంబడి తోల్తే లారీల కింద పడతాండాయి. సగం మంది మందలు అమ్ముకోని బెంగుళూరు పోయిరి."

"సర్కారోళ్లు ఇంకో చోటు చూపియ్యలేదా?"

"ఎవరు చూపిస్తారు? నీకేంలే అన్నా, నువ్వు గడ్డి తింటావు. నా గొర్రెలకు అదీ లేకపాయె."

ఫోన్ పెట్టేశాక అన్న అన్నం కలపలేదు. డబ్బా మూసేశాడు. ఆ తర్వాత చాలా రోజులు ఆయన కరెంటు మాట ఎత్తలేదు. ఒక రోజు బస్సులో తనే అన్నాడు, "నేను తినేది మార్చుకున్యా, సుఖంగా ఉండా. వాడు బతికేది మారిపోయింది, వాన్ని ఎవరూ అడగలేదు."

ఆ ఏడు సెలవులో ఇంటికి పోయి రోజూ ఆ కంచె దగ్గరికి నడిచేవాడట. పలకల మీద దుమ్ము పడుతుంది, దాన్ని నీళ్లతో కడుగుతారు, ఆ నీళ్లకు కింద గడ్డి మోకాలెత్తు పెరుగుతుంది, ఎండితే నిప్పు అంటుకుంటుందని దాన్ని డీజిల్ మిషన్లతో కోయిస్తారు. కంచెకు ఇవతల గొర్రెలు ఆకలితో ఉన్నాయి. అన్న అక్కడి సైటు మేనేజరును కలిశాడు. గొర్రెల్ని లోపలికి వదలండి, గడ్డి ఊరికే పోతుంది అని చెప్పాడు. వైర్లు కొరికితే ఎవరు బాధ్యులని ఆయన ఒప్పుకోలేదు. ఆయన మాటలోనూ న్యాయముందని అన్న మాకు చెప్పాడు.

జుబైల్ తిరిగి వచ్చాక వదలలేదు. ప్లాంటులో మాకు ఏ చిన్న పని చేయాలన్నా పర్మిట్ ఉంటుంది: ఏం ప్రమాదం ఉంది, దానికి ఏం జాగ్రత్త తీసుకున్నాం అని ముందే ఒప్పించాలి. ఆ పద్ధతిలోనే ఆయన ఆ మేనేజరుతో ఫోన్లో మాట్లాడుతూ వచ్చాడు. వైర్లు వేలాడకుండా ఎత్తుకు కడతాం. గొర్రెలు మాత్రమే, పలకలెక్కే మేకలు వద్దు. కాపరి లేకుండా మంద లోపలికి రాదు. ఆ మేనేజరు విసుక్కున్న రోజులున్నాయి, ఫోన్ ఎత్తని రోజులున్నాయి. మరుసటి సెలవులో ముందు ఒక మూల మాత్రం ప్రయత్నించి చూద్దామని ఒప్పుకున్నాడు. అన్న, తమ్ముడు, ఇంకా కొందరు కాపర్లు కలిసి ఆ మూలలో వేలాడే వైర్లన్నీ పైకి కట్టారు. గొర్రెలు లోపలికి పోయి, ఏ వైరునూ ముట్టకుండా గడ్డి మేశాయి. మెల్లగా ఇంకొంత భాగానికి అనుమతి వచ్చింది.

తిరిగి వచ్చిన రోజు ఖతీఫ్ స్నేహితుడు ఆయన్ని బస్సులో కౌగిలించుకున్నాడు. "మాంసం తిననివాడు గొర్రెలకు పర్మిట్ తెచ్చాడు" అని అందరికీ చాటాడు. బస్సంతా నవ్వింది. అన్న కూడా నవ్వాడు.

"గెలిచినావన్నా" అన్నాను.

"సగమేలే. మేకలోళ్లకు నేనేం చెప్పాల? బెంగుళూరు పోయినోళ్లు మళ్లీ వస్తారా?"

రాలేదు. ఇంటికి పోయినప్పుడల్లా ఆయన వాళ్ల ఇళ్ల ముందు ఆగి, తలుపులకు తాళాలున్నాయో లేదో చూసి వచ్చేవాడట.

ఈ ఏడాది చివర ఉద్యోగం వదిలి, ఫైనల్ ఎగ్జిట్ మీద ఊరికి వెళ్లిపోవాలనుకున్నాడు. పలకల కింద మిగతా భాగంలోకి కూడా గొర్రెల్ని వదిలేలా ఆ మేనేజరుతో మాట్లాడతానన్నాడు. ఇప్పుడు ఆ మాట ఎవరు మాట్లాడాలో తమ్ముడే చూసుకోవాలి.

ఆయన్ని ఇక్కడే మట్టి చేశారు. వదినమ్మ అలాగే కావాలంది. ఖబరస్తాన్ గేటు దగ్గర నేను, ఇంకొందరు హిందూ స్నేహితులం, లోపలికి పోవచ్చో లేదో తెలియక ఆగిపోయాం. షిఫ్టు దిగి అట్నుంచి అటే వచ్చిన పాకిస్తానీ, బంగ్లాదేశీ కార్మికులు ప్లాంటు బట్టల్లోనే బారులుగా లోపలికి పోతున్నారు. ఖతీఫ్ స్నేహితుడు వెనక్కి వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. ఏమీ అడగకుండా లోపలికి నడిపించాడు. ఎవరూ అడ్డు చెప్పలేదు. అందరితోపాటు నేనూ దోసిళ్లతో మట్టి వేశాను. వేడి మట్టి. మీద ఎవరో నీళ్లు చల్లారు.

అప్పుడు తమ్ముడు వీడియో కాల్ చేశాడు. రావడానికి వీసా, టికెట్టు అన్నీ కుదిరేసరికి ఆలస్యమైపోతుందని అతను బయల్దేరలేదు. ఫోన్ సమాధి వైపు తిప్పాను.

"ఆడ నీడ ఉందా?" అని అడిగాడు.

ఫోన్ మెల్లగా చుట్టూ తిప్పాను. గోడ దాకా చదునైన ఇసుక, వరసగా పేర్లు లేని రాళ్లు, వాటి మీద తెల్లటి ఎండ. మళ్లీ అన్న దగ్గరికి తిప్పేసరికి, చల్లిన నీళ్ల తడి అంచుల నుంచి లోపలికి ఆరుతూ వస్తోంది. తడి పూర్తిగా ఆరిపోయే దాకా అతను ఫోన్ పెట్టలేదు, నేనూ చెయ్యి దించలేదు.